తుక్కు సామానుతో మారుతి 800 హెడ్డు కట్టడం: నా అనుభవం

కార్బొరేటర్ మారుతి 800లో ఉండే ఎఫ్8బి ఇంజిను విప్పి కట్టడానికి చాలా సులువు. 796 సీసీ, మూడు సిలిండర్లు, 68.5 మి.మీ. బోరు, 72 మి.మీ. స్ట్రోకు, ఇనప బ్లాకు, దాని మీద మూతలా బిగించే అల్యూమినియం హెడ్డు. హెడ్డులో ఆరు వాల్వులు, వాటిని తెరిపించే ఒక క్యామ్ షాఫ్టు, క్యామ్ కదలికను వాల్వులకు అందించే రాకర్లను మోసే రెండు రాకర్ షాఫ్టులు. ముందు వైపు పళ్ళ బెల్టు (టైమింగ్ బెల్టు). ఇందులో ఒక్క మెలిక ఉంది. క్యామ్ షాఫ్టుకి విడి బేరింగులు లేవు, విడి క్యాపులూ లేవు. అల్యూమినియంలో తొలిచిన బోరుల్లోనే నేరుగా తిరుగుతుంది, ఒక చివర నుంచి తోసి ఎక్కించాలి. పాత సామానుతో హెడ్డు కట్టాలనుకునేవాళ్ళు చాలామంది బ్లాకు మీద ఆనే కింది ఫేసు చూసి హెడ్డు కొంటారు. నేను క్యామ్ బోరు చూసి కొంటాను. ఎందుకో, నా దగ్గరికి మరమ్మతుకు వచ్చిన ఒక కార్బొరేటర్ 800 పనిలోనే తెలుస్తుంది.

బండి లక్షణాలు మామూలువే. తొందరగా వేడెక్కడం, రేడియేటర్ మూత తీసి ఇంజిను నడిపితే బుడగలు, పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు కుంటుతూ నడవడం. ప్లగ్గులన్నీ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి కంప్రెషన్ చూస్తే ఒకటో సిలిండర్‌లో 12 కేజీలు, రెండు, మూడింట్లో ఏడేసి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఒకే మోతాదులో పడిపోయాయంటే వాల్వుల కంటే ముందు వాటి మధ్య గ్యాస్కెట్టును (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య వేసే పలచటి పొరను) అనుమానించాలి. ప్లగ్గు బొక్కలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూసినా అంకె కదల్లేదు. కాబట్టి రింగుల గొడవ కాదు.

హెడ్డు బోల్టులు ఎనిమిది. ఇంజిను పూర్తిగా చల్లారాకే, చివర్ల నుంచి మధ్యకు, పావు చుట్టు చొప్పున వదలాలి. వేడి మీద వదిలితే బాగున్న హెడ్డు కూడా వంగుతుంది. దించి చూస్తే రెండు, మూడు బోరుల మధ్య గ్యాస్కెట్టు కాలి తెగిపోయి ఉంది. స్ట్రెయిట్ ఎడ్జి (తిన్నటి ఉక్కు బద్ద) నిలువునా పెడితే మధ్యలో 0.20 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలచటి రేకు) సులువుగా దూరింది. కంపెనీ ఇచ్చిన హద్దు 0.05. లేత్ షాపులో ఫేసింగు చేయిస్తే ఫేసు చదునవుతుంది, అందులో సందేహం లేదు. కానీ రాకర్లు తీసేసి క్యామ్‌ను చేత్తో తిప్పితే చుట్టు మొత్తం బరువుగా, పట్టేస్తూ తిరుగుతోంది.

హెడ్డు వంగినప్పుడు కింది ఫేసు ఒక్కటే వంగదు, పైనున్న క్యామ్ బోరూ దాంతోపాటే వంగుతుంది. కింద కోసి చదును చేసినా పైన వంకర అలాగే ఉంటుంది. అలాంటి హెడ్డు బిగిస్తే మధ్య జర్నళ్ళు (బోరుల్లో ఆని తిరిగే క్యామ్ భాగాలు) అల్యూమినియాన్ని గీరుకుంటూ పోతాయి, ఆ పొడి ఆయిల్‌లో కలుస్తుంది, బెల్టు మీద బరువు పడుతుంది. మందపాటి ఇనప పలకకు బిగించి, కొలిమిలో వేడి చేసి హెడ్డును సాపు చేసేవాళ్ళున్నారు. ఖరీదైన హెడ్డుకైతే ఆ పని చేయించొచ్చు. 800కి పాత హెడ్లు దొరుకుతుండగా ఆ తంటా దేనికి?

హెడ్డు ఏరుకోవడం

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. 2010 ఏప్రిల్ నుంచే హైదరాబాద్ లాంటి నగరాల్లో అమ్మకాలు లేవు. అయితే ఓమ్ని 2019 దాకా వచ్చింది, దానిదీ 796 సీసీ ఇంజినే. అందుకే తుక్కులో ఓమ్ని హెడ్లే ఎక్కువ కనిపిస్తాయి. ఒక జాగ్రత్త: 2000 తర్వాత వచ్చిన కొన్ని 800లకు, ఆల్టోలకు సిలిండర్‌కి నాలుగు వాల్వుల హెడ్డు ఉంటుంది. సీసీ అదే అయినా అది వేరే హెడ్డు, దీనికి పనికిరాదు. ఆరు వాల్వుల హెడ్డే అయినా, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చల్లే) బండిదైతే ఆగి చూడాలి. కార్బొరేటర్ బండిలో డిస్ట్రిబ్యూటర్‌నీ, పెట్రోల్ పంపునీ రెండింటినీ క్యామ్ షాఫ్టే నడుపుతుంది. హెడ్డుకి పంపు బిగించే చోటు, క్యామ్‌కి పంపును తోసే లోబు (ఉబ్బెత్తు భాగం) ఉన్నాయో లేదో మన పాతదాన్ని పక్కన పెట్టి పోల్చుకోవాలి.

విజయవాడ ఆటోనగర్‌లో బళ్ళు విప్పి అమ్మే షాపులకు వెళ్ళేటప్పుడు నా సంచిలో ఉండేవి: 50 సెం.మీ. స్ట్రెయిట్ ఎడ్జి, ఫీలర్ గేజి, వెర్నియర్, టార్చి, వైర్ బ్రష్షు, సీసాలో కొంచెం కిరసనాయిలు. "నడుస్తున్న బండిదే బాబాయ్, నిన్ననే దించాం" అంటారు. నిజమే కావచ్చు. నడిచే బండిలోనూ వంగిన హెడ్లుంటాయి.

ముందు రాకర్లు లూజు చేయించి క్యామ్ తిప్పి చూస్తాను. రాకర్ స్క్రూలన్నీ పూర్తిగా వెనక్కి తిప్పేస్తే వాల్వు స్ప్రింగుల బరువు క్యామ్ మీద ఉండదు. అప్పుడు ముందున్న పళ్ళ చక్రాన్ని రెండు వేళ్ళతో తిప్పితే చుట్టంతా ఒకే తీరుగా తిరగాలి. ఎక్కడైనా ఒకచోట బిగుతు తగిలి, చుట్టు తిరిగినప్పుడల్లా అదే చోట వస్తే క్యామ్ వంగి ఉంటుంది. చుట్టు మొత్తం బరువుగా ఉంటే బోరు వంకర. ఈ రెంటికీ తేడా పట్టుకోవడం ముఖ్యం, ఎందుకంటే మొదటిదానికి క్యామ్ మారిస్తే చాలు, రెండోదానికి హెడ్డే వదిలేయాలి. ఇక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపితే టకటకమని ఆట తెలియకూడదు. జర్నలుకీ బోరుకీ మధ్య సందు కొత్తలో 0.05 నుంచి 0.09 మి.మీ., హద్దు 0.15. అది దాటితే ఆయిల్ అక్కడే కారిపోయి రాకర్లకు ప్రెషరు అందదు.

తర్వాత బోల్టుల చోటు. బోల్టు తల కింద వాషరు కూర్చునే చోట అల్యూమినియం గుంటపడి ఉంటే ఆ హెడ్డు ఒకసారి బాగా మాడి మెత్తబడిందని అర్థం. పైకి మెరుస్తూ ఉండొచ్చు, ఫేసు కూడా చదునుగానే ఉండొచ్చు, కానీ బోల్టులు టార్క్ నిలుపుకోవు, గ్యాస్కెట్టు ఆరు నెలలకే పోతుంది. అనుమానముంటే పనికిరాని మూలలో సెంటర్ పంచ్‌తో ఒక దెబ్బ వేసి, మంచిదని తెలిసిన హెడ్డు మీద అదే బలంతో వేసిన దెబ్బతో పోల్చి చూడండి. గుంట తేడా కంటికే తెలుస్తుంది.

నీటి దారుల చుట్టూ తినేసిన గుంటలు మన ప్రాంతపు హెడ్లకు మామూలు జబ్బు. కూలంట్ పోయకుండా ఏళ్ళ తరబడి బోరునీళ్ళు పోస్తే అల్యూమినియం తెల్లటి పొడిలా రాలిపోతుంది. కొత్త గ్యాస్కెట్టు ఒకటి ముందే కొని తీసుకెళ్ళి ఫేసు మీద పరిచి చూడండి. గుంట నీటి రంధ్రం చుట్టూనే ఆగిపోతే పర్వాలేదు. గ్యాస్కెట్టులో బోరు చుట్టూ ఉండే రేకు అంచు కిందికి వచ్చిందంటే వద్దు. ఆర్గాన్ వెల్డింగు పెట్టి నింపుతామంటారు. నింపొచ్చు, కానీ ఆ వేడికి పక్కనున్న సీటు రింగు (మూసుకున్నప్పుడు వాల్వు ఆనే రింగు) వదులయ్యే ప్రమాదం ఉంది. పాత హెడ్డు కొని మళ్ళీ దానికి వైద్యం చేయించడం నాకు ఇష్టం ఉండదు.

పగుళ్ళు ఎక్కువగా రెండు వాల్వు సీట్ల మధ్య ఇరుకు చోట, లేదా ఎగ్జాస్ట్ సీటు నుంచి ప్లగ్గు బొక్క వైపు వస్తాయి. బ్రష్షుతో కార్బన్ తుడిచి, కిరసనాయిలు రాసి, గుడ్డతో పొడిగా తుడిచేసి రెండు నిమిషాలు ఆగితే పగులులోంచి సన్నటి తడిగీత మళ్ళీ బయటికొస్తుంది. ఇది షాపు దగ్గర చేసే మొదటి వడపోత మాత్రమే, అసలు పరీక్ష లేత్ షాపులో.

చివరగా ఎగ్జాస్ట్ సీట్లు. ఎల్పీజీ మీద తిరిగిన ఓమ్ని హెడ్డయితే ఎగ్జాస్ట్ వాల్వులు సీట్లలోకి కూరుకుపోయి ఉంటాయి, ఆ ఇంధనం పొడి కాబట్టి సీటు తొందరగా అరుగుతుంది. వాల్వు ఎంత లోపలికి దిగితే దాని తోక రాకర్ వైపు అంత పొడుచుకొస్తుంది, చివరికి సర్దుబాటు స్క్రూకి తిరిగే చోటే మిగలదు. ఆరు వాల్వుల తోకలూ వెర్నియర్ లోతు పుల్లతో కొలిచి, ఏదైనా మిగతావాటికంటే అర మిల్లీమీటరు పైన ఉంటే సీటు మార్చాల్సిందే. ఇలాంటి హెడ్డు ఒకటి చాలా శుభ్రంగా కనబడింది, మూడు ఎగ్జాస్ట్ తోకలూ అలాగే లేచి ఉండడంతో వదిలేశాను.

చివరికి తీసుకున్నది కార్బొరేటర్ ఓమ్ని హెడ్డు. క్యామ్ ఒకే తీరుగా తిరిగింది. ఫేసు మూలల మధ్య 0.07 తేడా. మూడో ప్లగ్గు బొక్కలో మరలు పోయాయి. మరలు పోయాయని ధర కూడా తగ్గింది. 14 మి.మీ. ప్లగ్గుకి హెలికాయిల్ (పోయిన మరల చోట దించే ఉక్కు తీగ చుట్ట) వేస్తే మరలు కొత్తవాటికంటే గట్టిగానే ఉంటాయి కాబట్టి అది నాకు లోపంగా కనిపించలేదు.

ఏది పాతది, ఏది కొత్తది

క్యామ్ షాఫ్టు, రాకర్లు, రాకర్ షాఫ్టులు ఒకే హెడ్డువి, ఒకే వరసలో ఉండాలి. ప్రతి రాకర్ మొహం తన లోబుకి తగ్గట్టు అరిగి ఉంటుంది. ఒక బండి క్యామ్, ఇంకో బండి రాకర్లు కలిపితే లోబు పైపొర త్వరగా లేచిపోతుంది. అందుకే క్యామ్, రాకర్లతో సహా అమ్మే హెడ్డే అడుగుతాను. విప్పేటప్పుడు ఒకటి నుంచి ఆరు దాకా ట్యాగులు కట్టేస్తే చాలు. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రాకర్ షాఫ్టులు రెండూ చూడ్డానికి ఒకలా ఉంటాయి కానీ ఒకటి కాదు, చివరన మెట్టులా తగ్గించిన భాగంలో తేడా ఉంది, బిగించే దిక్కులూ వేరు. బయటికి లాగే ముందే చివర్ల మీద పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి. రాకర్‌కీ షాఫ్టుకీ మధ్య సందు 0.09 దాటకూడదు. ఇక్కడ రెండో రాకర్ కింద షాఫ్టు మీద గోరుకి తగిలే గాడి ఉంది. ఈ బండి పాత హెడ్డు షాఫ్టు బాగుంది కాబట్టి అది తీసి వేశాను. షాఫ్టు మార్చినా పర్వాలేదు, లోబు-రాకర్ జంట చెడగొట్టకపోతే చాలు.

వాల్వుల్లో మూడు ఇన్‌లెట్లు ఓమ్నివి, ఎగ్జాస్టులు ఈ బండి పాత హెడ్డువి. ఎంపిక మైక్రోమీటరుతో చేశాను. గైడులో (వాల్వు కాండం ఆడే గొట్టంలో) తిరగని చోట కాండం మందం ఒకటి, తిరిగే చోట మందం ఒకటి కొలిచి, తేడా 0.03 దాటినది పక్కన పెట్టాను. వాల్వు తల అంచు మందం ఇన్‌లెట్‌కి 0.6 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 0.7 మి.మీ. కంటే తగ్గకూడదు. అంచు కత్తిలా పలచబడ్డ ఎగ్జాస్ట్ వాల్వు వేడిని మోయలేదు, కొద్ది నెలల్లోనే ఒక మూల కాలిపోతుంది. ఆటోనగర్‌లో చాలామంది వాల్వు విప్పడానికి రిటైనర్ (స్ప్రింగు మీది పళ్ళెం) మీద సాకెట్ పెట్టి సుత్తితో ఒక్కటి వేస్తారు. కాటర్లు (రిటైనర్‌ని వాల్వుకి పట్టి ఉంచే చిన్న ముక్కలు) ఎగిరి బయటపడతాయి, పని అయిపోతుంది. ఆ దెబ్బ పక్కకి పడితే కాండం వంగుతుంది. అందుకే ప్రతి వాల్వునూ వి-బ్లాకుల మీద దొర్లించి డయల్ పెట్టి చూస్తాను, తల దగ్గర ఊగు 0.08 దాటితే తుక్కే.

స్ప్రింగులు ఆరూ గాజు పలక మీద నిలబెట్టి ఒకదాని పక్కన ఒకటి చూస్తే పొట్టిది ఇట్టే తెలిసిపోతుంది. స్ప్రింగు పక్కకి వాలిందేమో చూడ్డానికి మూలమట్టం పెట్టాలి. పై అంచు 2 మి.మీ. కంటే పక్కకి వాలితే మార్చాలి. కాటర్లు పన్నెండు, లోపలి గట్టు నలగకపోతే పాతవే వేసుకోవచ్చు.

పాతది అస్సలు వాడనివి: హెడ్డు గ్యాస్కెట్టు, ఆరు వాల్వు సీళ్ళు, క్యామ్ ఆయిల్ సీలు, టైమింగ్ బెల్టు, బెల్టు టెన్షనర్, థర్మోస్టాట్, కవరు ప్యాకింగు. వీటిలో పొదుపు చేస్తే మళ్ళీ అదే పని మొదటి నుంచి చేయాల్సొస్తుంది.

లేత్ షాపులో

హెడ్డు కడగమని ఇచ్చేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పాలి: కాస్టిక్ సోడా తొట్టిలో వేయొద్దు. ఇనప బ్లాకుల్ని అందులోనే మరిగిస్తారు, అల్యూమినియాన్ని అది తినేస్తుంది. క్యామ్ బోరు మీద గరుకు వచ్చిందంటే ఇక అంతే సంగతులు. డీజిల్లో నానబెట్టి, ప్లాస్టిక్ బ్రష్షుతో, సబ్బు కలిపిన వేడినీళ్ళతో కడిగిస్తే చాలు.

ప్రెషరు పరీక్షలో నీటి దారులన్నిటినీ రబ్బరు పలకలతో మూసేసి, హెడ్డును వేడినీళ్ళలో ముంచి గాలి పట్టించాలి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోయే పగులు వేడికి తెరుచుకుంటుంది, చల్లటి నీళ్ళలో చేసే పరీక్ష సగం పరీక్షే. రేడియేటర్ మూత 0.9 కేజీ దగ్గర వదిలేస్తుంది కాబట్టి 2 కేజీల ప్రెషరు ధారాళంగా సరిపోతుంది. మన హెడ్డులో బుడగ రాలేదు.

పనుల వరస ముఖ్యం. ముందు గైడులు, తర్వాత సీట్లు, ఆఖరున ఫేసు. సీటు కోసే కట్టరు గైడులో దూర్చిన పైలట్ (కడ్డీ) మీద తిరుగుతుంది, కాబట్టి అరిగిన గైడుతో సీటు కోస్తే సీటు మధ్యకు రాదు. కాండానికీ గైడుకీ సందు హద్దు ఇన్‌లెట్‌లో 0.07, ఎగ్జాస్ట్‌లో 0.09. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్‌లో 0.11 వచ్చింది, అదొక్కటి మార్పించాను. గైడు కొట్టే ముందు పాతది పైకి ఎంత పొడుచుకుని ఉందో కొలిచి రాసుకోవాలి. కొత్తది అంతకంటే పైకి ఉంటే రిటైనర్ వచ్చి సీలుని నొక్కేస్తుంది. హెడ్డును 100 డిగ్రీల దాకా అంతటా సమానంగా వేడి చేసి కొట్టాలి. గ్యాస్ మంట ఒకేచోట పెట్టడం చూస్తే ఆపండి.

సీటు 45 డిగ్రీలు, ఆనే పట్టీ వెడల్పు 1.3 నుంచి 1.5 మి.మీ. మన దగ్గర లోపం ఎప్పుడూ వెడల్పు ఎక్కువవడమే, ఎందుకంటే 45 కట్టరు ఒక్కదాంతో గుంటలు పోయేదాకా కోసుకుంటూ పోతారు. వెడల్పైన సీటు మీద వాల్వు నొక్కు తగ్గి కార్బన్ ఇరుక్కుంటుంది. మరీ సన్నమైతే ఎగ్జాస్ట్ వాల్వు వేడి హెడ్డులోకి దిగే దారి చాలదు. 15 డిగ్రీల కట్టరుతో బయటి అంచు, 60తో లోపలి అంచు తగ్గించి పట్టీని మధ్యలోకి తేవాలి. పక్కన నిలబడి చేయించుకుంటే ఇది పది నిమిషాల పని, వదిలేసి వస్తే ఎవరూ చేయరు.

ఫేసు విషయంలో నేను పిసినారిని. 0.07 వంకరకి 0.10 తీయించాను. బోరు వైశాల్యం దాదాపు 36.9 చదరపు సెం.మీ., అంటే 0.10కి చాంబరులో (ఇంధనం మండే గదిలో) తగ్గేది 0.37 సీసీ కూడా ఉండదు. "ఎలాగూ ఎక్కించాం కదా" అని 0.30, 0.40 కోసేసే చోట్లున్నాయి. అప్పుడు కంప్రెషన్ పెరిగి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిను కొట్టుకుంటుంది. పైగా హెడ్డు కిందికి దిగినకొద్దీ క్యామ్, క్రాంకుల మధ్య దూరం తగ్గి వాల్వు టైమింగు వెనకబడుతుంది. వంకర 0.05కి కాస్త పైనే ఉంటే మిల్లింగు కూడా అక్కర్లేదు. సర్ఫేస్ ప్లేటు మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి హెడ్డును రుద్దితే చాలు, కంపెనీ పుస్తకంలో చెప్పేది కూడా అదే.

కట్టడం

ఇంటికొచ్చాక మళ్ళీ కడగాలి. ఫేసింగు పొడి ఆయిల్ దారుల్లో చేరుతుంది. సన్నటి తీగకి గుడ్డ చుట్టి ప్రతి దారిలో దూర్చి, కంప్రెసర్ గాలి కొట్టి, ఒకవైపు పోసిన కిరసనాయిలు రెండోవైపు శుభ్రంగా వచ్చేదాకా వదలకూడదు. రాకర్ షాఫ్టుల రంధ్రాలూ అంతే.

వాల్వుని సీటు మీద రుద్ది కూర్చోబెట్టడానికి (లాపింగుకి), కొత్తగా కోసిన సీటుకి ముతక పేస్టు అవసరం లేదు, సన్నది చాలు. వాల్వుని రబ్బరు కప్పు కర్రకి అంటించి, అరచేతుల మధ్య మజ్జిగ కవ్వంలా అటూ ఇటూ తిప్పుతూ మధ్యమధ్య ఎత్తి చోటు మార్చాలి. చుట్టూ తెగని బూడిద రంగు పట్టీ వస్తే ఆపేయాలి. ఇంకా రుద్దితే పట్టీ వెడల్పవడం తప్ప లాభం లేదు. పేస్టు కణం ఒక్కటి గైడులో మిగిలినా అది నెలల తరబడి అరగదీస్తుంది కాబట్టి గైడులన్నీ పెట్రోలుతో కడగాలి.

ప్లగ్గులు బిగించి, వాల్వులు స్ప్రింగులతో సహా కట్టి, హెడ్డుని తిరగేసి చాంబర్లలో కిరసనాయిలు పోసి పదిహేను నిమిషాలు ఉంచాను. రెండో ఎగ్జాస్ట్ పోర్టులో చుక్క తేలింది. కొత్త గైడు వేసిన వాల్వే అది. పట్టీ మీద నీలం రంగు రాసి తిప్పి చూస్తే ఒక పక్క పావు వంతు రంగు అంటలేదు. లాపింగుతో దాన్ని లాగలేం, మళ్ళీ కట్టరు పెట్టించాక చుక్క ఆగింది. అదే చాంబర్ల మీద గ్రీజు రాసి అక్రిలిక్ పలక మూసి, సిరంజితో ఎంత పడుతుందో కొలిస్తే మూడింటి మధ్య తేడా అర సీసీ లోపే ఉంది.

వాల్వు సీలు ఆయిల్ రాసి చేత్తో నొక్కాలి, సుత్తి వద్దు. వాల్వు దూర్చేటప్పుడు కాటరు గాడి సీలు పెదవిని కోయకుండా ఆ గాడికి పలచటి టేపు చుట్టడం నా అలవాటు. స్ప్రింగు చుట్లు దగ్గరగా ఉన్న కొస హెడ్డు వైపు, దూరంగా ఉన్న కొస రాకర్ వైపు. క్యామ్ జర్నళ్ళకి, లోబులకి ఆయిల్ ధారాళంగా పట్టించి మెల్లగా తోయాలి. లోబు అంచు బోరుని గీరితే ఇంతసేపు ఏరి తెచ్చిందంతా వృథా.

బ్లాకు వైపు బోల్టు బొక్కల్లో నీళ్ళూ ఆయిలూ మిగలకూడదు. నిండిన బొక్కలో బోల్టు బిగిస్తే ఆ ద్రవం నలగడానికి చోటు లేక బ్లాకే పగులుతుంది, టార్క్ అంకె కూడా తప్పు చూపిస్తుంది. గ్యాస్కెట్టు పొడిగానే వేయాలి. సిలికాన్ పూస్తే ఆయిల్ పైకెళ్ళే దారి మూసుకుపోయే ప్రమాదముంది. బోల్టు మరలకు ఒక్క చుక్క ఆయిల్ రాసి, మధ్య నుంచి చివర్లకు, 2 కేజీ-మీటర్లు, 4, చివరగా 5.5 నుంచి 6. న్యూటన్ లెక్కలో 55 నుంచి 60.

బెల్టు వేసేముందు రాకర్ స్క్రూలన్నీ పూర్తిగా వెనక్కి తిప్పాలి. రెండు కారణాలు. క్యామ్ తిప్పినా వాల్వులు పిస్టన్ల జోలికి పోవు. స్ప్రింగుల బరువు లేనప్పుడే బెల్టు అంతటా సమంగా లాగబడుతుంది. గుర్తులు కలిపి బెల్టు ఎక్కించి, టెన్షనర్‌ని దాని స్ప్రింగుకి వదిలేసి, క్రాంకుని దాని దిక్కులోనే రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ చూసుకుని అప్పుడు టెన్షనర్ బిగించాలి. రాకర్ సందులు ఆ తర్వాతే. ఈ వరస తిరగేసి ముందే సందులు పెట్టేవాళ్ళ బళ్ళలోనే బెల్టు పన్ను దాటడం ఎక్కువ చూశాను.

ఫైరింగు వరస 1-3-2. ఏ సిలిండర్ సందు పెడుతున్నామో ఆ సిలిండర్ తీగ వైపు డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ చూస్తుండాలి, రెండు రాకర్లూ వదులుగా ఊగాలి. చల్లగా ఉన్నప్పుడు రెండింటికీ 0.15 మి.మీ. పెడతాను. ఫీలర్ లాగితే కొంచెం పట్టుకున్నట్టుండాలి. పాత రాకర్ల స్క్రూ మొనలు గుంటపడి ఉంటే ఫీలర్ ఆ గుంట మీదుగా పోయి తప్పుడు కొలత ఇస్తుంది, అలాంటి స్క్రూలు రెండు మార్చాల్సొచ్చింది. డిస్ట్రిబ్యూటర్ కేసు విప్పి బిగించినప్పుడు అందులో 60 మి.లీ. దాకా ఇంజిన్ ఆయిల్ పోయడం మర్చిపోకూడదు. మొదటి నిమిషాల్లో ఆ పళ్ళకి వేరే ఆయిల్ అందదు.

స్టార్ట్ చేశాక

ప్లగ్గులు పెట్టకుండా, వాల్వు కవరు తెరిచి ఉంచి సెల్ఫు కొట్టాలి. రాకర్లన్నిటి దగ్గరా ఆయిల్ ఊరడం కనబడాలి. ఒక్కటి పొడిగా ఉన్నా ఆపి షాఫ్టు దిక్కు చూసుకోవాలి. ఆ తర్వాత ప్లగ్గులు 2 నుంచి 3 కేజీ-మీటర్లలో బిగించి, కూలంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం పోసి, మూత తెరిచే నడిపి, థర్మోస్టాట్ తెరుచుకుని మట్టం దిగాక మళ్ళీ నింపాలి. గాలి హెడ్డులో ఇరుక్కుంటే మీటరు ముల్లు మామూలుగానే ఉండి హెడ్డు మాత్రం మాడుతుంది.

మొదటి పది నిమిషాలు సైలెన్సర్ తెల్లగా పొగ వదులుతుంది. పోర్టుల్లో మిగిలిన ఆయిల్, పైపులోని తడి అది. అరగంట తర్వాతా నీలం పొగ వస్తుంటే సీళ్ళు చూడాలి. యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కినప్పుడే వస్తే సీళ్ళు, లాగుతున్నంతసేపూ వస్తే రింగులు. పైన కొత్తగా బిగిస్తే కింద అరిగిన రింగులు బయటపడడం మామూలే, యజమానికి ఆ మాట ముందే చెప్పి పెడతాను.

ఈ బండిలో వేడి మీద కంప్రెషన్ 12.5, 12, 12.5 వచ్చింది. సిలిండర్ల మధ్య తేడా 1 కేజీ లోపు ఉండాలి. రాత్రంతా చల్లారాక బోల్టులు అదే వరసలో ఒక్కొక్కటే పావు చుట్టు వదిలి మళ్ళీ 6కి బిగించాను. నేను వేసింది కాంపోజిట్ గ్యాస్కెట్టు కాబట్టి ఇది అవసరం. రేకుల గ్యాస్కెట్టు వేసినవాళ్ళు దాని ప్యాకెట్ మీద రాసింది చేయాలి. 500 కిలోమీటర్ల తర్వాత సందులు చూస్తే ఇన్‌లెట్లు కదల్లేదు, మూడు ఎగ్జాస్టుల్లో రెండు 0.12కి తగ్గాయి. కొత్తగా కోసిన సీటు సర్దుకునేటప్పుడు సందు తగ్గుతుంది, పెరగదు. దాన్ని అలా వదిలేస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. 0.15కి తెచ్చి, ఆయిల్, ఫిల్టరు మార్చి బండి ఇచ్చేశాను. వంగిన పాత హెడ్డులోంచి రెండో రాకర్ షాఫ్టు, డిస్ట్రిబ్యూటర్ కేసు, బాగున్న నాలుగు స్ప్రింగులు తీసి పెట్టుకుని మిగతాది అల్యూమినియం తూకానికి వేసేశాను.